ఓడిన పిల్లకు రెండో పిలుపు రావాలి

మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో టెన్నిస్ రాకెట్ పట్టిన పిల్లల కోసం వెదకాల్సిందే. అయినా సానియా మీర్జా పేరు వినని ఊరు లేదు. ఆరు గ్రాండ్‌స్లాం టైటిళ్లు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు, 2016లో పద్మభూషణ్. ఈ గెలుపులు అందరికీ తెలుసు. తొలి రోజుల్లో ఆమె ఎన్నిసార్లు ఓడిందో, ఓడిన తరువాత ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. మన పల్లెలకు పనికివచ్చే పాఠం అక్కడే ఉంది.

సానియా 1986లో బొంబాయిలో పుట్టి హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్లప్పుడు టెన్నిస్ నేర్పించమని తీసుకుపోతే, ఇంత చిన్నపిల్లకు నేర్పలేనని శిక్షకుడు మొదట ఒప్పుకోలేదు. నెల రోజుల తరువాత ఆయనే తల్లిదండ్రులను పిలిచి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లను చూడలేదన్నాడు. తాను మొదట ఆడిన కోర్టులు పేడతో అలికినవని ఆమే చెప్పింది. పేడతో అలికిన వాకిలి మనకు కొత్త కాదు. అంతర్జాతీయ క్రీడాకారిణి ఆట అటువంటి నేల మీదనే మొదలైందన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

2003లో పదహారేళ్ల వయసులో ఆమె రష్యా బాలిక అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆ ఏడాదే డబ్ల్యూటీఏ స్థాయి పోటీల్లో అడుగుపెట్టింది. అప్పటి రాష్ట్ర పర్యాటక శాఖ పేరుతో హైదరాబాదులో మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు మొదలైంది. ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు తమ విచక్షణతో ఇచ్చే ప్రవేశాన్ని వైల్డ్ కార్డు అంటారు. సానియాకు ఆ వైల్డ్ కార్డు ఇచ్చారు. మొదటి రౌండులోనే ఓడిపోయింది.

2004లో అదే పోటీకి ఆమెను మళ్లీ పిలిచారు. సింగిల్స్‌లో మళ్లీ మొదటి రౌండులోనే ఓడింది. అయితే దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో జతకట్టి డబుల్స్ టైటిల్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో మూడోసారి ఆడింది. ఫైనల్లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి టైటిల్ అందుకుంది. ఆ స్థాయి పోటీలో సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే.

వరుస గమనించండి. మొదటి ఏడు మొదటి రౌండు. రెండో ఏడు మొదటి రౌండు. మూడో ఏడు టైటిల్. మొదటి ఓటమి తరువాత ఈ పిల్ల పనికిరాదని నిర్వాహకులు జాబితాలోంచి పేరు కొట్టివేస్తే మిగతా కథ ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు?

అదే 2005లో, హైదరాబాదు పోటీకి ముందు జనవరిలో, ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. హైదరాబాదు గెలుపు తరువాత దుబాయిలో, అప్పటి అమెరికన్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్‌నెత్సోవాను ఓడించింది. ఆ ఏడాదే అమెరికన్ ఓపెన్ నాలుగో రౌండు చేరి మరియా షరపోవా చేతిలో ఓడింది. గ్రాండ్‌స్లాం సింగిల్స్‌లో అంతదూరం వెళ్లిన భారత మహిళ అంతకుముందు లేదు. 2007లో సింగిల్స్ ర్యాంకు 27కు చేరింది. తరువాత మణికట్టు గాయం బాధించింది. చివరకు సింగిల్స్ మాని డబుల్స్ మీద దృష్టి పెట్టి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. 2023లో ఆట విరమించి, మార్చిలో హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో సొంత జనం ముందు వీడ్కోలు మ్యాచులు ఆడింది.

"ఆమెకు డబ్బుంది, మన పిల్లలకు ఏముంది?" అని అడిగేవారున్నారు. ఈ మాటను తోసిపుచ్చలేము. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. వృత్తిగా ఆడే క్రీడాకారిణికి నెల జీతం ఉండదు. గెలిచినదాన్ని బట్టే డబ్బు, పాయింట్లు. పాయింట్లను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి పెద్ద పోటీల్లో ప్రవేశం. ర్యాంకు వచ్చేదాకా విమానం ఖర్చు, బస, తిండి, శిక్షణ అన్నీ సొంతానివే. సానియా తండ్రి ఇమ్రాన్ మీర్జా తానే శిక్షకుడయ్యాడు. తల్లి నసీమా పోటీలకు వెంట తిరిగింది. జీవీకే సంస్థ తొలినాళ్లలోనే చేయూతనిచ్చింది. ఇవన్నీ కూలినాలి చేసుకునే ఇంటికి సాధ్యం కావు.

కాని ఇక్కడ చెప్పదలచింది టెన్నిస్ కోర్టు కట్టమని కాదు. కబడ్డీకి, ఖోఖోకు, పరుగుపందేనికి విమానం టికెట్టు అక్కరలేదు. వాటిలోనూ మన పిల్లలు పదో తరగతి దాటకముందే ఆట మానుతున్నారంటే కారణం పేదరికం ఒక్కటే కాదు. ఓడిన పిల్లను మళ్లీ పిలిచేవారు లేకపోవడం కూడా కారణమే.

బడి పిల్లల ఎంపిక పోటీలు ఎలా జరుగుతున్నాయో అందరికీ తెలుసు. మండల కేంద్రంలో ఒక్క రోజు పోటీ. పొద్దున బస్సెక్కి పోయిన జట్టు ఒక్క ఆట ఓడితే మధ్యాహ్నానికి తిరుగుముఖం. మళ్లీ ఏడాది దాకా పోటీ లేదు. ఆ ఏడాదిలో ఆడపిల్ల పై తరగతికి పోతుంది. ఇంట్లో పని పెరుగుతుంది. "ఓడిపోయి వచ్చింది, ఇంకెందుకు ఆటలు" అనే మాట వినబడుతుంది. వేసుకునే నిక్కరు మీద నలుగురూ నాలుగు మాటలంటారు. సానియా దుస్తుల మీద కూడా 2005లో వివాదం రేగింది. ఆమె ఆట ఆపలేదు, ఇంటివాళ్లు వెనక్కి లాగలేదు. మన పిల్లలకు కావలసింది ఆ అండ.

బోరు విషయంలో మన తీరు ఇలా ఉండదు. మొదటి బోరు ఎండితే రైతు రెండోది వేస్తాడు. అదీ పడకపోతే అప్పు తెచ్చి మూడోది వేస్తాడు. బోర్ల ఊరుగా పేరుపడిన ముషంపల్లి నల్లగొండ జిల్లాలోనే ఉంది. నేలలో నీళ్లున్నాయో లేవో తెలియకపోయినా అంత ఆశ పెట్టుకునే మనం, కళ్లెదుట పరుగెత్తే పిల్ల మీద ఒక్క ఓటమికే ఆశ వదులుకోవడం న్యాయమా?

పేదింటి పిల్లకు సాధ్యం కాదనేవారు వరంగల్ జిల్లా కల్లెడ వైపు చూడాలి. ఆ ఊరి కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఊరివాళ్లు హేళన చేసిన పిల్లే దేశానికి పతకం తెచ్చింది. గుర్తించి వెంట నిలిచిన శిక్షకులు దొరకడమే ఆమెకు కలిసివచ్చింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. 2024 చివర్లో సీఎం కప్ పోటీలు గ్రామస్థాయి నుంచి నిర్వహించారు. ఇవి మంచి పనులే. అయితే ఇల్లలకగానే పండగ కాదు. బోర్డు నిలబెట్టినంత మాత్రాన ఆట సాగదు. పోటీ ఏటా, తప్పకుండా, దగ్గరలో జరగాలి. సానియా గెలిచిన హైదరాబాదు టోర్నమెంటు కూడా మూడేళ్లే నిలిచి బెంగుళూరుకు తరలిపోయింది. ఆమె తరువాతి పిల్లలకు సొంత ఊరిలో ఆ మెట్టు లేకుండా పోయింది. మండలంలో ఒక పోటీ ఆగిపోయినా జరిగే నష్టం అటువంటిదే.

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. మొదటిది, ఎంపికల్లో ఓడిన జట్లకు రెండు మూడు నెలల్లో మండల కేంద్రంలోనే మరో పోటీ పెట్టాలి. రెండవది, ఓడినా బాగా ఆడిన పిల్లల పేర్లు వ్యాయామ ఉపాధ్యాయులు పుస్తకంలో రాసి ఉంచి, మరుసటి ఏడు వారిని తప్పక పిలవాలి. మూడవది, ఆడపిల్లల బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం పంచాయతీయో, దాతలో భరించాలి. జాతరకు, ఉత్సవానికి చందాలిచ్చే ఊళ్లకు ఇది భారం కాదు. నాలుగవది, వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడికి పక్క ఊరి బడి నుంచి వారానికి రెండు రోజులైనా పంపేలా విద్యాశాఖ అధికారులు చూడాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆటలో ఓడి ఇంటికి వచ్చిన పిల్లను "ఎందుకు ఓడావు" అని కాకుండా, "మళ్లీ ఎప్పుడు ఆట" అని అడగండి. ఆ ప్రశ్నకు పిల్ల దగ్గర జవాబుండాలంటే పోటీ తేదీ ముందే ప్రకటించి ఉండాలి. ఆ తేదీ ఖరారు చేయవలసిన బాధ్యత సర్పంచులది, ప్రధానోపాధ్యాయులది, జిల్లా అధికారులది. వచ్చే ఎంపికలు ముగిసిన రోజునే రెండో పోటీ తేదీ కూడా ప్రకటించాలని రెండు జిల్లాల పల్లెలు అడగాలి.