రోబో తల ఊపింది సరే... పని చేసిందా?

ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల లిస్టు చూడండి, ఒక్క రోబో అయినా ఉంటుంది. పలకరించే రోబో, తాతయ్యకు మాత్రలు గుర్తుచేసే రోబో, రిసెప్షన్ రోబో. రిపోర్టు తిరగేస్తే బ్లాక్ డయాగ్రమ్ ఉంటుంది, సర్క్యూట్ ఉంటుంది, కోడ్ పేజీలకు పేజీలు ఉంటుంది. చివర్లో ‘రిజల్ట్స్’ అన్న చోట మాత్రం రోబో ఫొటో! ఫొటో రిజల్ట్ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాట, చూపు, సైగలతో మనిషితో మెలిగేదే సోషల్ రోబో. 1990ల చివర్లో ఎంఐటీలో సింథియా బ్రెజీల్ తయారుచేసిన ‘కిస్మెట్’ కనుబొమలు, పెదాలు కదిపి భావాలు చూపించేది. 2017లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో ప్రధాని ముందుకొచ్చిన ‘మిత్ర’ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది బెంగళూరు స్టార్టప్ తయారీ. ఇలాంటి రోబోల విషయంలో మోటారు తిరగడం సగం పనే. ఎదుటి మనిషిలో ఏం మారిందన్నది మిగతా సగం. మనవాళ్లు వదిలేసేది ఈ రెండో సగాన్నే.

కేరళలోని వయనాడ్‌లో ఓ ప్రైమరీ స్కూల్ సంగతి వినండి. అమృత విశ్వవిద్యాపీఠం, గ్లాస్గో యూనివర్సిటీ పరిశోధకులు 2019లో అక్కడ ‘పెపె’ అనే రోబోను చేతులు కడుక్కునే చోట గోడకు తగిలించారు. ఆకుపచ్చ చెయ్యి ఆకారం, కదిలే కళ్లు, నోరుగా ఓ చిన్న స్క్రీన్. అంతే! కాళ్లు లేవు, చేతులు లేవు. అయినా పిల్లలు చేతులు కడుక్కోవడం 40 శాతం పెరిగిందని వాళ్లు చెప్పగలిగారు. ఎందుకంటే రోబో రాకముందు ఎంతమంది కడుక్కుంటున్నారో ముందే లెక్కపెట్టారు కాబట్టి. ‘ముందు’ లెక్క లేకపోతే ‘తర్వాత’ లెక్కకు విలువ లేదు.

మా బ్యాచ్‌లో నలుగురం కలిసి చేసిన రోబో ఇంకా సాదాసీదాది. అట్టపెట్టె తల, రెండు సర్వో మోటార్లు, ఓ పాత ఫోన్. మూడో తరగతి పిల్లలు తెలుగు కథ చదువుతుంటే అది వింటున్నట్టు తల ఊపాలి. స్పీచ్ రికగ్నిషన్ జోలికి పోలేదు. పక్క గదిలో మాలో ఒకరు కూర్చుని బటన్ నొక్కేవాళ్లం. మోసం అనుకోకండి, ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ అని ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతే ఇది. నెలల తరబడి కోడ్ రాసేముందు, ఆ ఆలోచన అసలు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి. కాకపోతే టీచర్‌కు ముందే చెప్పాలి, పిల్లలకు ఆఖర్న చూపించాలి.

తొలిరోజు జాతరే. అందరూ చదివేస్తామన్నారు. మా గైడ్ మేడమ్ మాత్రం, “ఆ రోజు లెక్కలు పక్కన పెట్టండి, కొత్త వింత తగ్గాక చూద్దాం” అన్నారు. రోబో లేకుండా మేం మాత్రమే వెళ్లిన రోజులు కూడా ఉండాలన్నారు. రెండో వారానికి కొందరు దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఓ అమ్మాయి మాత్రం, క్లాసులో నోరు విప్పనిది, రోజూ దాని ముందే కూర్చుని చదివేది. తప్పు చదివినా అది తల ఊపుతోందని మమ్మల్ని నిలదీసింది కూడా! రిపోర్టులో ఆ సంగతికి ఓ పేజీ ఇచ్చాం.

అభిప్రాయాలు అడగడం దగ్గర ఓ చిక్కుంది. మనూళ్లో ఎవర్నైనా “మా రోబో ఎలా ఉంది?” అని అడగండి. “బాగుంది నాన్నా, చాలా బాగా చేశారు” అంటారు. అది మర్యాద, డేటా కాదు. ‘గాడ్‌స్పీడ్’ లాంటి ప్రశ్నావళి వాడొచ్చు. 2009లో వచ్చింది, మనిషిలా ఉందా, నచ్చిందా, తెలివైనదనిపించిందా, భద్రంగా అనిపించిందా వంటి ఐదు కోణాల్లో అడుగుతుంది. దాన్ని చక్కటి వాడుక తెలుగులోకి మార్చడమే ఓ పెద్ద పని. అయినా నేనైతే మాటల కంటే చేతలనే నమ్ముతాను: ఎన్ని పేజీలు చదివారు, ఎన్నిసార్లు మళ్లీ వచ్చారు, ఎప్పుడు లేచి వెళ్లిపోయారు.

దీనికీ ఉద్యోగానికీ ఏం సంబంధం అంటారా? ఓ కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను సర్వో గురించి ఒక్క ముక్క అడగలేదు. “పిల్లలు చదివింది రోబో వల్లో, కాలేజీ అన్నలూ అక్కలూ వచ్చారనో ఎలా తెలుసు?” అన్నారు. రోబో లేని రోజుల లెక్క టేబుల్ మీద పెట్టాను. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరిగింది. టెస్టింగ్, యూఎక్స్ రీసెర్చ్, ప్రొడక్ట్ ఉద్యోగాల్లో రోజూ చేసేది ఈ పనే. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టుకు కోడ్, పీపీటీ, రిపోర్టు అన్నీ ఇస్తారు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఇవ్వరు.

ఇప్పుడు సినాప్సిస్ దశలో ఉన్నవాళ్లకు టైమ్ ఉంది. స్కూలైతే హెడ్‌మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి. వీడియో తీయాలంటే ఆ మాట కాగితంలో విడిగా రాయండి. సంక్రాంతి సెలవులలోపు రోబో లేని వారం లెక్కలు పూర్తిచేసుకుంటే, ఫిబ్రవరిలో రోబోను తీసుకెళ్లొచ్చు. మార్చి వచ్చిందంటే స్కూళ్లలో పరీక్షల హడావుడి, మిమ్మల్ని గేటు దాటి రానివ్వరు.