చేతికి రక్తం ఆడట్లేదా?

ధనుర్మాసంలో తెల్లవారుజామునే కళ్లాపి చల్లి, ముగ్గేసి లోపలికొచ్చిన ఆడవాళ్లని కదిపితే "వేళ్లు కొంకర్లు పోయాయమ్మా" అంటారు. అది అందరికీ ఉండేదే. కొందరికి మాత్రం అక్కడితో ఆగదు. రెండు మూడు వేళ్లు కొసనుంచి కణుపు దాకా తెల్లగా పాలిపోతాయి. గిల్లినా తెలీదు. కాసేపటికి నీలంగా తిరుగుతాయి. వేడి తగిలాక ఎర్రబడి, జివ్వున లాగుతూ మంట పుడుతుంది. పావుగంటో అరగంటో గడిచేసరికి ఏమీ జరగనట్టే ఉంటాయి. చూసినవాళ్ల గుండె మాత్రం దడదడలాడుతుంది.

ఇక ఇంట్లో మొదలవుతుంది. "ఒంట్లో రక్తం లేదే నీకు, దానిమ్మకాయ తిను, బీట్‌రూట్ తిను" అని అమ్మ. "గుండెకేమైనా అయిందేమో, చూపించుకో వదినా" అని ఆడబిడ్డ. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ రక్తం తగ్గితే పాలిపోవడం వేళ్లతో సరిపోదు. అరచేయి, నాలుక, కింది కనురెప్ప లోపలివైపు, అన్నీ వెలవెలబోతాయి, పొద్దుట్నుంచి రాత్రిదాకా అలాగే ఉంటాయి. చలి తగిలినప్పుడే వేళ్లు తెల్లబడి, వెచ్చబడగానే రంగు తిరిగొస్తోందంటే ఒంట్లో రక్తానికి లోటుందని కాదు. వేలికి వెళ్లే దారి కాసేపు మూసుకుపోతోంది, అంతే.

చలేస్తే లోపలి వేడి బయటికి పోకుండా ఒళ్లు వేళ్లలోని సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది. మీకూ నాకూ అందరికీ జరిగేదే. కొందరిలో ఆ బిగింపు మరీ ఎక్కువ. రక్తం రాక తెలుపు, మిగిలిన కాస్త రక్తంలో ప్రాణవాయువు అయిపోయి నీలం, దారి తెరుచుకుని రక్తం ఒక్కసారిగా వచ్చిపడితే ఎరుపు. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి డాక్టరు పారిస్‌లో తన వైద్య పట్టా కోసం రాసిన గ్రంథంలో దీన్ని వివరించాడు. మన డాక్టర్లు రేనాడ్స్ అనేది ఆయన పేరుమీదే. చలొక్కటే కాదు, దిగులు, కంగారు కూడా దీన్ని రేపుతాయి. పరీక్ష హాల్లో, ఇంటర్వ్యూలో వేళ్లు చల్లబడి రంగు మారే పిల్లలున్నారు. ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్లకి, డీప్ ఫ్రీజర్‌లో చెయ్యిపెట్టి సరుకు తీసేవాళ్లకి మే నెలలో కూడా రావచ్చు. చికాగోకో మినియాపొలిస్‌కో చదువుకెళ్లిన పిల్లలు కొందరు మొదటి చలికాలంలోనే దీన్ని చూసుకుని, అర్ధరాత్రి అమ్మకి ఫోన్ చేస్తారు.

చామనఛాయ, నలుపు ఒళ్లున్నవాళ్లలో ఈ రంగులు చేతి పైభాగాన అంత తేలిగ్గా తెలీవు. అరచేతివైపు వేలికొసలు చూడాలి, గోళ్ల కింద చూడాలి. బొమ్మల్లో కనిపించినంత తెల్లగా లేదు కాబట్టి నాకు లేదులే అనుకోకండి.

భయపడనక్కర్లేనిది ఎవరంటే, పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల లోపు మొదలై, రెండు చేతులకీ వస్తూ, పుండ్లూ గట్రా లేనివాళ్లు. వీళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. చాలామందికి జీవితాంతం ఇంతకుమించి ఏమీ కాదు. అదే నలభై దాటాక కొత్తగా మొదలైతే, ఒక్క చేతికే వస్తుంటే, వేలికొసన పుండు పడి మానకపోతే, చర్మం బిగుసుకుని ఉంగరం పట్టేస్తుంటే, కీళ్లనొప్పులో ముఖం మీద ఎర్రమచ్చలో తోడైతే ఊరుకోకూడదు. స్క్లెరోడెర్మా, లూపస్ లాంటివి ముందు వేళ్లలోనే కబురు పెడతాయి. కీళ్లవాతం డాక్టర్లు గోరు మొదట్లో ఉండే సన్ననాళాల్ని భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు, కొన్ని రక్తపరీక్షలు రాస్తారు. గోరు దగ్గర చూసే ఆ పరీక్ష నొప్పి లేనిది, తేలికైనది, వెనకాడాల్సిన పనిలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పనివాళ్ల సంగతి. జాక్‌హామర్, గ్రైండింగ్ మిషను, రాళ్లు కోసే మిషను, ఇవి రోజంతా చేతిలో అదిరితే ఏళ్లు గడిచేకొద్దీ వేళ్ల నరాలూ రక్తనాళాలూ రెండూ చెడతాయి. 1918లోనే అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాతి గనులకి వెళ్లి, గాలిసుత్తులు వాడే కార్మికుల తెల్లబడ్డ వేళ్లని చూసి రాసింది. వందేళ్లు దాటింది. చీమకుర్తిలో, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు పనిచేసే తమ్ముళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పారు? మన ఎండలకి తెల్లబడటం తక్కువ కనిపించొచ్చు. తిమ్మిరి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, రాత్రిళ్లు చేతులు మొద్దుబారి మెలకువ రావడం ముందొస్తాయి. "పని అలసటలే అన్నా" అని ఒక క్వార్టరు వేసి పడుకుంటారు. పనిలో మధ్యమధ్య మిషను దించి చేతికి విరామం ఇవ్వడం, ఇద్దరు వంతులు మార్చుకోవడం, అరిగిన మిషను మార్చడం యజమాని బాధ్యత. దయ అనుకోవద్దు.

బీడీ, సిగరెట్, గుట్కా సంగతి గట్టిగా చెప్పాలి. పొగాకు రక్తనాళాల్ని బిగిస్తుంది. 1908లో న్యూయార్క్ డాక్టరు లియో బర్జర్ వివరించిన జబ్బొకటుంది. పొగాకు వాడే, వయసులో ఉన్న మగవాళ్లకి వేళ్లు, కాలివేళ్లు నల్లబడి, చివరికి తీసెయ్యాల్సి రావచ్చు. పొగాకు పూర్తిగా మానితేనే అది ఆగుతుంది, తగ్గించుకుంటే చాలదు. మైగ్రేన్‌కీ బీపీకీ వాడే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు, కొన్ని జలుబు మందులు కూడా వేళ్లని చల్లబరుస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుతో చెప్పండి.

ఇంకొకటి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లల్లో ఉంది. చల్లబడ్డ వేలికి పెడితే అంకె తప్పుగా తక్కువ చూపించి ఇల్లంతా హడలెత్తిస్తుంది. చెయ్యి వెచ్చబెట్టి, నెయిల్ పాలిష్ తీసి మళ్లీ పెట్టండి. నాలుకా పెదవులూ నీలంగా ఉండి ఆయాసం ఉంటే మాత్రం అంకె కోసం చూడొద్దు, ఆస్పత్రికి పొండి. ఉన్నట్టుండి ఒక చెయ్యి మొత్తం చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పెట్టినా అంతే. గంటల్లోనే వైద్యం అందకపోతే చెయ్యి దక్కకపోవచ్చు.

మిగతావాళ్లకి ఉపాయం సులువే. గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టాలి, లేదా చంకల్లో దాచుకోవాలి. కుంపటి దగ్గరా స్టవ్ మీదా పెట్టకూడదు, స్పర్శ లేని వేళ్లు కాలినా తెలీదు. చేతికి తొడుగులు వేసుకుంటే సరిపోదు, ఒళ్లంతా వెచ్చగా ఉండాలి, స్వెట్టరూ మఫ్లరూ అందుకే. అయినా తరచూ వస్తుంటే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి రక్తనాళాల్ని సడలించే మాత్రలు డాక్టర్లు ఇస్తారు.

డాక్టరు గదికి చేరేసరికి వేళ్లు మామూలైపోతాయి, అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు. అందుకని రంగు మారినప్పుడే, అరచేతివైపు నుంచి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఒక ఫోటో తీయించుకోండి. ఏ పని చేస్తారో, ఏ మందులు వాడుతున్నారో కూడా మర్చిపోకుండా చెప్పండి.