పంపు మార్చే ముందు జాలీ చూడండి

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షోరూముల ముందు బ్యానర్లు కట్టారు, పేపర్లు నిండా ప్రకటనలు వేశారు. అదే జాబితాలో ట్రాక్టరు హైడ్రాలిక్ పంపు, బ్రేకు సామాను కూడా ఉన్నాయి. వాటి మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. దీని గురించి ఎవరూ బ్యానరు కట్టలేదు. కొత్త ట్రాక్టరు కొనే రైతు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన బండితోనే సాగు చేసుకునేవాళ్లే మనలో ఎక్కువ. పన్ను కాకుండా పది వేలు ఉండే పంపు మీద గతంలో 1,800 పన్ను పడేది, ఇప్పుడు 500 పడాలి. ఆ 1,300 మన జేబులో మిగలాలంటే బిల్లు అడగాలి. బిల్లు లేని సామాను అసలుదో నకిలీదో కూడా తేలదు, చెడిపోతే అడగడానికి ఆధారం ఉండదు.

అయితే నా అసలు బాధ పన్ను గురించి కాదు. మార్చక్కర్లేని పంపుల్ని మారుస్తున్నారు, మార్చాల్సిన బ్రేకు లైనర్లను వాయిదా వేస్తున్నారు. లిఫ్టు లేవకపోతే దుక్కి ఆగుతుంది కాబట్టి ఆ పూటే మెకానిక్ వస్తాడు. బ్రేకు సరిగా పట్టకపోతే బండి నడుస్తూనే ఉంటుంది కదా, సీజను అయ్యాక చూద్దామనుకుంటాం.

లిఫ్టు బలహీనపడగానే చాలా షెడ్లలో వచ్చే మొదటి మాట ‘పంపు పోయింది’. పాత ట్రాక్టర్లు చాలావాటిలో గేరుబాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ అన్నిటికీ ఒకటే ఆయిలు. అందుకని ముందు డిప్‌స్టిక్ తీసి మట్టం చూడాలి. తర్వాత ఆయిలు రంగు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. దమ్ము చేసే బండ్లలో ఇది మామూలే. ఆ ఆయిలు మొత్తం దించి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి, ఆ సీలు మార్చకుండా కొత్తది పోస్తే డబ్బు దండగ. ఆ తర్వాత పంపుకు ఆయిలు వెళ్లే దారిలో ఉండే జాలీ, అంటే స్ట్రెయినరు. అది మడ్డితో, ఇనుప రజనుతో మూసుకుపోతే పంపు ఆయిలు అందక కీచుమని అరుస్తుంది, లిఫ్టు మెల్లగా లేస్తుంది. జాలీ కడగడానికి పూట పని. పంపుకు వేలు.

గుర్తుల్ని కాస్త గమనిస్తే చాలా తేలిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కల్టివేటరు బాగా లేచి, మధ్యాహ్నం వేడెక్కాక లేవకపోతే లోపల ఎక్కడో అరుగుదల ఉంది, లేదా పోసిన ఆయిలు పలచనిది. అప్పుడు పంపును అనుమానించవచ్చు. ఉత్త లిఫ్టు లేచి, బరువు తగిలిస్తే లేవకపోతే పంపు కావచ్చు, రిలీఫ్ వాల్వు కూడా కావచ్చు. ప్రెషర్ గేజి పెట్టి చూడకుండా అందులో ఏదని చెప్పేవాడిది ఊహే. పైకి బాగానే లేచి, ఇంజను ఆపగానే గబగబా దిగిపోతే అది పంపు పాపం కాదు. సిలిండరులో ఓ రింగో, పిస్టన్ రింగో, కంట్రోల్ వాల్వో కారుతోంది. ఇంజను నడుస్తుండగా ఎత్తిన పనిముట్టు కొద్దికొద్దిగా దిగుతూ, మళ్లీ కుదుపుతో లేస్తూ ఉంటే అదీ ఆ జబ్బే. ఈ పరీక్షలన్నీ మనమే చేసుకోవచ్చు. ఎత్తి ఉన్న రోటావేటరు కింద మాత్రం దిమ్మలు పెట్టకుండా ఎవరూ దూరకూడదు, మెకానిక్ అయినా సరే.

ఇక బ్రేకులు. పాత బండ్లలో ఎక్కువగా డ్రై డిస్కు బ్రేకులే. వెనక యాక్సిలు ఆయిలు సీలు కారితే లైనరు ఆయిలుతో తడిసి జారుతుంది. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించడం మన దగ్గర అలవాటు. నాలుగు రోజులు పట్టి మళ్లీ అదే కథ, ఎందుకంటే కారే సీలు అలాగే ఉంది. తర్వాత వచ్చిన బండ్లలో బ్రేకు డిస్కులు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వాటి అరుగుదల రజను ఆ ఆయిల్లోనే కలుస్తుంది, చివరికి హైడ్రాలిక్ జాలీకి పడుతుంది. బ్రేకు జబ్బు లిఫ్టు జబ్బుగా బయటపడుతుందన్న మాట. కంపెనీ చెప్పిన రకం కాకుండా ఏదో ఒక ఆయిలు పోస్తే బ్రేకు వేసినప్పుడు గరగరమంటుంది, సరిగా పట్టదు. బండి ప్రాణం ఆయిల్లో ఉంటే, లూబ్రికెంట్ల మీద జీఎస్టీ మాత్రం 18 శాతం దగ్గరే ఆగింది. పంపు మీద తగ్గించి, పంపును కాపాడే ఆయిలు మీద తగ్గించకపోవడం ఏం లెక్కో ఢిల్లీవాళ్లే చెప్పాలి.

దమ్ములో కుడి ఎడమ పెడళ్లు విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కగానే రెంటినీ కలిపి కొక్కెం వేయాలి. ఒకవైపు పెడలు ఎక్కువ దిగి, రెండోవైపు ముందే పట్టేస్తే నిండు ట్రాలీతో బండి పక్కకు లాగేస్తుంది. ఖాళీ నేల మీద మెల్లగా నడిపి, రెండు పెడళ్లూ కలిపి తొక్కి, రెండు చక్రాల ఒరిపిడి గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. దిగుడులో న్యూట్రల్ చేసి డీజిలు మిగిలించుకునే తెలివి మానుకోవాలి. మన ఊళ్లలో ట్రాలీలకు చాలావాటికి సొంత బ్రేకులే లేవు. ఆ బరువంతా ఆపాల్సింది ట్రాక్టరు బ్రేకులే.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 15 మంది చనిపోయారు. బ్రేకుల వల్లే అని నేను అనడం లేదు. ట్రాలీ మీద ఎక్కేది మిర్చి బస్తాలే కాదు, మన ఊరి ఆడకూతుళ్లు కూడా అని చెప్పడానికే దాన్ని గుర్తు చేస్తున్నాను.

ప్రభుత్వ యాంత్రీకరణ పథకాల్లో రాయితీ ప్రధానంగా కొత్త యంత్రం కొనడానికే. ఉన్న బండిని సురక్షితంగా నడుపుకునే రైతుకు ఏమీ లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఊరి మెకానిక్‌లను, ట్రాక్టరు నడిపే కుర్రాళ్లను అక్కడికి పంపే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి. మండలానికి ఒక అద్దె యంత్రాల కేంద్రంలోనైనా హైడ్రాలిక్ ప్రెషర్ గేజి ఉంచి, రైతు అడిగితే ఉచితంగా చూసిపెట్టాలి. ఆయిలు మీద పన్ను 5 శాతానికి దించాలి. వినతిపత్రాల్లో ఈ మూడూ చేర్చాలని జిల్లా కమిటీలను కోరుతున్నాను.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేసుకోగలిగింది ఒకటుంది. పత్తి, వరి రవాణా మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఊరి ట్రాక్టర్లన్నీ ఒకచోట చేర్చి, మంచి మెకానిక్‌ను పిలిచి సీళ్లు, పెడళ్లు, కొక్కేలు, ట్రాలీ పిన్నులు చూపించాలి. ఖర్చు బండికింత అని పంచుకుంటే భారం ఎవరికీ పడదు. కౌలు రైతుల, కిరాయి డ్రైవర్ల బండ్లనూ పిలవాలి. రోడ్ల మీద ఎక్కువ తిరిగేవి అవే.