ఆకాశం నుంచి వచ్చిన లెక్కలను ఎవరు చదవాలి?

2023వ సంవత్సరంలో లోక్‌సభ పత్రికా గ్యాలరీ నుంచి నేను రెండు దృశ్యాలు చూశాను. మొదటిది మార్చి 23న. నినాదాల హోరులో సుమారు 45 లక్షల కోట్ల రూపాయల వ్యయానికి సంబంధించిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా, పార్లమెంటరీ పరిభాషలో చెప్పాలంటే గిలెటిన్ చేసి, కొద్ది నిమిషాలలో ఆమోదించారు. ఆ మూటలో అంతరిక్ష శాఖ పద్దు కూడా ఉన్నది. రెండవది సెప్టెంబరు 21న, కొత్త పార్లమెంటు భవనంలో. చంద్రయాన్-3 విజయంపై ప్రత్యేక చర్చ జరిగింది. శాస్త్రజ్ఞులను అభినందించని పక్షం లేదు. బల్లలు చరచని సభ్యుడూ దాదాపు లేడు. ఈ కీర్తిలో నెహ్రూకు ఎంత వాటా, మోదీకి ఎంత వాటా అన్న తగవు కూడా యథాప్రకారం జరిగింది.

ఆ రోజంతా ఒక ప్రశ్న వినబడుతుందేమోనని చెవియొగ్గి కూర్చున్నాను. మనం పైకి పంపిన యంత్రాలు కిందికి పంపుతున్న లెక్కలను ఎవరు చదువుతున్నారు? ఆ చదివేవారికి భత్యం ఎవరు ఇస్తున్నారు, సకాలంలో ఇస్తున్నారా? ఆ ప్రశ్న నా చెవిన గట్టిగా పడలేదు.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదివి పత్రికలలోకి వచ్చినవాడిని. భౌతికశాస్త్రంతో నా పరిచయం హైస్కూలుతోనే ముగిసింది. అయినా ఢిల్లీలో ఇన్నేళ్ళు బడ్జెట్ పత్రాలు చదివిన అనుభవంతో ఒకటి గ్రహించాను. ఉపగ్రహం ప్రయోగించిన నాటి సంబరం ఒక్క రోజుది. దానికోసం పెట్టిన సొమ్ముకు ప్రతిఫలం ఆ తరువాత సంవత్సరాల తరబడి, అంకెల రూపంలో, నిశ్శబ్దంగా వస్తుంది. చదివేవాడు లేకపోతే ఆ అంకెలు గిడ్డంగిలో మగ్గుతాయి.

ఆస్ట్రోశాట్ సంగతి చూడండి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహం, ఖగోళ పరిశోధనకే కేటాయించిన మన తొలి అంతరిక్ష వేధశాల. అయిదేళ్ళ ఆయుర్దాయంతో పంపిన ఈ యంత్రం ఆ గడువు దాటిన తరువాత కూడా పనిచేసింది. 2016 అక్టోబరులో దాని అతినీలలోహిత దూరదర్శిని ఆకాశంలో ఒక చిన్న భాగాన్ని 28 గంటలకు పైగా గమనించింది. ఆ గమనింపులో, సుమారు 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్రమైన అతినీలలోహిత కాంతి నమోదయింది. మన దూరదర్శిని కంటె ఎంతో పెద్దదైన అమెరికా వారి హబుల్‌కు అది చిక్కలేదు. అయితే చూసినది 28 గంటలు. అది నిజంగా ఆ గెలాక్సీ నుంచే వచ్చిందని నిర్ధారించుకోవడానికి పట్టిన కాలం దాదాపు రెండేళ్ళు. పుణేలోని ఐయూకా సంస్థకు చెందిన కనక్ సాహా నాయకత్వాన ఆ పరిశోధన 2020 ఆగస్టులో ‘నేచర్ ఆస్ట్రానమీ’ పత్రికలో వెలువడింది. యంత్రం చేసిన పనికి, మనుషులు చేసిన పనికి మధ్య నిష్పత్తి అది. బడ్జెట్‌లో మాత్రం ఈ నిష్పత్తి తలక్రిందులుగా కనబడుతుంది.

చంద్రయాన్-1 కథ మరీ విచిత్రం. 2008 అక్టోబరులో ఎగిరిన ఆ నౌకతో సంబంధాలు 2009 ఆగస్టు చివర తెగిపోయాయి. మరుసటి నెలలోనే, అందులో అమర్చిన అమెరికా పరికరం పంపిన లెక్కల ఆధారంగా, చంద్రుని మీద నీటి జాడ ఉన్నదన్న వార్త ప్రపంచమంతటా మారుమ్రోగింది. అంతటితో కథ ముగిసిందని మనం అనుకున్నాం. కాని నౌక మూగబోయిన తొమ్మిదేళ్ళకు, 2018లో, అవే లెక్కలను మళ్ళీ తిరగవేసి, ధ్రువ ప్రాంతాల నీడలలో మంచు ఉన్నదని మరొక బృందం చూపింది. 2023లో హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు మరల అవే లెక్కలు తీసి, భూమి అయస్కాంత క్షేత్రపు తోకలోని ఎలక్ట్రాన్లు చంద్రుని మీద నీరు ఏర్పడడానికి తోడ్పడుతూ ఉండవచ్చునని వాదించారు. పరికరం వారిది కనుక వారు చదివారని సరిపెట్టుకోవచ్చు. అయితే ఆ లెక్కలు అందరికీ తెరిచి ఉన్నవే. మన విశ్వవిద్యాలయాలలో కూర్చుని ఎవరైనా చదవవచ్చును.

ఈ తెరచి ఉంచడమన్న విషయంలో మన అంతరిక్ష సంస్థను తప్పుపట్టడానికి నాకు పెద్దగా కారణం కనబడదు. బెంగళూరు సమీపాన బ్యాలాలు గ్రామంలో ఈ లెక్కలను భద్రపరచే కేంద్రం ఉన్నది. ఆస్ట్రోశాట్ తొలి సంవత్సరపు లెక్కలను 2018 సెప్టెంబరులోను, ఆదిత్య-ఎల్1 తొలి విడత లెక్కలను 2025 జనవరి 6న, అంటే ఆ నౌక తన కక్ష్య చేరిన సరిగ్గా ఏడాదికి, బహిరంగపరచారు. పేరు నమోదు చేసుకుంటే చాలు, కాకినాడ విద్యార్థి అయినా కొలంబో విద్యార్థి అయినా తెచ్చుకోవచ్చు. అర్థం చేసుకునే మార్గం చూపడానికి ఆస్ట్రోశాట్‌కు పుణేలోను, ఆదిత్యకు హల్ద్వానీలోను సహాయ కేంద్రాలు నెలకొల్పారు.

తలుపు తెరిచి ఉన్నది. ఆ తలుపు దాకా నడిచే ఓపిక మన విశ్వవిద్యాలయాలకు ఉన్నదా? ఆదిత్యలోని ఒక్క పరికరమే రోజుకు 1,440 చిత్రాలు పంపడానికి తయారయింది. 2024 మే నెలలో రెండు దశాబ్దాలలో ఎన్నడూ లేనంత తీవ్రమైన సౌర తుఫాను భూమిని తాకింది. ఇటువంటి తుఫానులు ఉపగ్రహాలకు, విద్యుత్ సరఫరా వ్యవస్థలకు చేటు. సూర్యుని గమనించడం కేవలం జిజ్ఞాస తీర్చుకోవడం కాదు. పెద్ద సంస్థలు పట్టుమని పది కూడా ఉండని చోట ఆ చిత్రాల రాశిని జల్లెడపట్టడానికి వందలాది యువకులు కావాలి.

ఆ యువకుల పరిస్థితి ఢిల్లీ వీధులకు తెలిసినదే. భత్యం పెంచమని పరిశోధక విద్యార్థులు 2019 జనవరిలో రాజధానిలో ఆందోళన చేశారు. జూనియర్ ఫెలోషిప్ 31 వేలయింది. 2023లో 37 వేలయింది. ఈ సొమ్ము చేతికందడంలో జరిగే జాప్యం గురించి ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టే ఖర్చు 2020-21 లెక్కల ప్రకారం జాతీయోత్పత్తిలో 0.64 శాతం. విశ్వవిద్యాలయాలకు ఊపిరి పోయడానికని 2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ పరిశోధన సంస్థ చట్టం చేసింది. అయిదేళ్ళలో 50 వేల కోట్లన్నారు. అందులో 36 వేల కోట్లు ప్రైవేటు రంగం వగైరాల నుంచి రావాలని అంచనా! లాభనష్టాలు చూసుకునే వ్యాపారి 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు గెలాక్సీ కోసం చెక్కు రాస్తాడా? 2025 జూలైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల నిధి కూడా ప్రైవేటు రంగానికి పరిశోధన రుణాలిచ్చేదే. మంచిదే కావచ్చు. ఆకాశపు లెక్కలు చదివే కుర్రవాడికి దానితో పని లేదు.

ఇక్కడ మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1887లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం మేరకు ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని, ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచాయి. ఆ పంపకంలో నిజామియా వేధశాలకు కొంత భాగం వచ్చింది. గత శతాబ్ది తొలి దశకాలలో అక్కడి ఉద్యోగులు బేగంపేటలో కూర్చుని లక్షల నక్షత్రాల కొలతలను చేతితో నమోదు చేసి సంపుటాలుగా అచ్చువేయించారు. నవాబుల కాలం పోయింది. రాష్ట్రాలు మారాయి. 1989లో యూరప్ వారు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపారు. దాని లెక్కలను ఆ పాత కొలతలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాలు ఎంతెంత కదిలాయో తేల్చిన టైకో-2 పట్టిక 2000వ సంవత్సరంలో వెలువడింది. పాత కొలతలు లేకుంటే ఆ కదలికలను అంత ఖచ్చితంగా తేల్చడం సాధ్యపడేది కాదు. ఆ గుమాస్తాల నెలజీతం ఎంతో నాకు తెలియదు గాని, అది ప్రతినెలా అందివుండాలి.

అంతరిక్ష శాఖ పద్దు ఇప్పుడు 13 వేల కోట్లు దాటింది. 2025-26 బడ్జెట్‌లో కూడా అంతే చూపారు. వచ్చే బడ్జెట్ సమావేశాలలో ఆ పద్దు గిలెటిన్ తప్పించుకున్నా తప్పించుకోకపోయినా, తెలుగు సభ్యులలో ఒకరైనా నక్షత్రపు గుర్తు గల ప్రశ్న ఒకటి వేయవచ్చు. ఆస్ట్రోశాట్, ఆదిత్య లెక్కల మీద పనిచేస్తున్న విశ్వవిద్యాలయాలెన్ని, వాటిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలవి ఎన్ని, అక్కడి పరిశోధకులకు నిరుడు భత్యం ఎన్ని నెలలు ఆలస్యంగా అందింది? మంత్రిగారి జవాబు ఏదైనప్పటికీ, అది సభా కార్యకలాపాల రికార్డులకు ఎక్కుతుంది.