‘ప్రాసెస్ నంబర్ ఏదైనా ఓకే’ అనేది సగం నిజమే: డొమైన్ ఐడీని డిఫాల్ట్‌కి వదిలేయొద్దు

నెట్ స్లో అనగానే ముందు ఫోన్‌ని, తర్వాత వైఫై రౌటర్‌ని అనుమానిస్తాం. ఇంట్లో అయితే అది చాలావరకు కరెక్టే. కానీ బ్రాంచ్ ఆఫీసులను కలిపే నెట్‌వర్క్‌లో ఎవరూ చూడని ఒక్క నంబర్ కూడా కొంప ముంచగలదు. దాని పేరు ఓఎస్‌పీఎఫ్ డొమైన్ ఐడీ. దీన్ని మనమే ఇవ్వాలి తప్ప డిఫాల్ట్‌కి వదిలేయకూడదన్నది నా అభిప్రాయం.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నా, ఇంట్లో ప్యాకెట్ ట్రేసర్‌తో కుస్తీ పట్టినా ఒక మాట తప్పకుండా వింటాం: “ప్రాసెస్ నంబర్ ఆ రౌటర్ వరకే, పక్కదాంట్లో ఏదున్నా పర్లేదు.” మామూలు ఓఎస్‌పీఎఫ్‌లో ఇది నిజం. ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్ దగ్గరికొచ్చేసరికి సగం నిజమే.

ఎలాగో చూద్దాం. ఒక సంస్థకి మార్కాపురంలో మెయిన్ ఆఫీసు, నల్లమల అంచున పెద్దదోర్నాలలో బ్రాంచ్ ఉన్నాయనుకోండి. మధ్యలో ప్రొవైడర్ ఇచ్చిన 100 ఎంబీపీఎస్ ఫైబర్ వీపీఎన్, బ్యాకప్‌గా 2 ఎంబీపీఎస్ రేడియో లింక్. మార్కాపురం ఏరియా 0లో, దోర్నాల, బ్యాకప్ లింక్ ఏరియా 1లో ఉన్నాయి. మార్కాపురం రూట్లు ప్రొవైడర్ లోపల బీజీపీ మీద ప్రయాణిస్తాయి. ఎక్కేటప్పుడు వాటికి డొమైన్ ఐడీ అనే చీటీ అంటిస్తారు. దోర్నాల వైపున్న ప్రొవైడర్ రౌటర్ ఆ చీటీ చూసి, ఇది మనూరి రూటా, పొరుగూరి రూటా అని తేలుస్తుంది. ఐడీ కలిస్తే ఇంటర్ ఏరియా రూట్‌గా, కలవకపోతే ఎక్స్‌టర్నల్ రూట్‌గా బ్రాంచ్‌కి ఇస్తుంది.

గొడవంతా ఇక్కడే. ఇంటర్ ఏరియా రూట్ దొరికితే ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌టర్నల్ వైపు చూడనే చూడదు. కాస్ట్ కూడా పోల్చదు. రేడియో లింక్ మీద వచ్చింది ఇంటర్ ఏరియా రూట్ కాబట్టి, దోర్నాల నుంచి వెళ్లే ట్రాఫిక్ అంతా ఆ 2 ఎంబీపీఎస్‌లోనే ఇరుక్కుంటుంది. ఫైబర్ ఖాళీగా ఉంటుంది. పింగ్ వెళ్తుంది, లింకులన్నీ అప్, ఎక్కడా ఎర్రలైటు వెలగదు. పాపం ఆ ఆఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడు కేబుళ్లు మారుస్తూ కూర్చుంటాడు.

అసలు ఐడీ ఎందుకు కలవదు? మనం ఇవ్వకపోతే సిస్కో ఐఓఎస్ దాన్ని ప్రాసెస్ నంబర్ నుంచే తయారు చేసుకుంటుంది. ఒక చివర 10, ఇంకో చివర 20 పెడితే రెండు వేర్వేరు డొమైన్లు అయిపోయినట్టే. జూనిపర్‌లో డిఫాల్ట్ నల్, అంటే ఖాళీ. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4577 కూడా డిఫాల్ట్ నల్‌గా ఉండాలనే సూచిస్తుంది. ఒక చివర సిస్కో, ఇంకో చివర జూనిపర్ ఉంటే డిఫాల్ట్‌లు కలవవు.

“అన్నిచోట్లా ఒకే ప్రాసెస్ నంబర్ పెడితే సరిపోదా?” అంటారేమో. అన్నీ సిస్కోవే అయితే సరిపోతుంది. కానీ ప్రొవైడర్ రౌటర్ మీద చాలామంది కస్టమర్లు ఉంటారు. మీ 10ని అక్కడ ఇంకెవరో వాడేస్తుంటే? అప్పుడు 20 ఇస్తారు, ఐడీ మారిపోతుంది, మీకు చెప్పేవాళ్లుండరు.

మందు ఒక్క లైనే. ప్రొవైడర్ రౌటర్లలో, ఆ కస్టమర్ ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్ కింద రెండు చివర్లా ఒకే డొమైన్ ఐడీ రాయాలి. అది అన్నిటికీ మందు కాదు. తిరుగు దారిని విడిగా ప్లాన్ చేసుకోవాలి, రెండు ఆఫీసులూ ఒకే ఏరియాలో ఉంటే షామ్ లింక్ కూడా కావాలి. కానీ ఐడీ కలిస్తేనే కాస్ట్‌కి మాట్లాడే అవకాశం వస్తుంది.

కనెక్షన్ పెట్టించుకునే రోజే “డొమైన్ ఐడీ ఎంత ఇచ్చారు?” అని ప్రొవైడర్‌ని అడిగి రాయించుకోండి. తర్వాత బ్రాంచ్ రౌటర్‌లో రూటింగ్ టేబుల్ తెరవండి. మెయిన్ ఆఫీసు రూట్ పక్కన ఓ ఐఏ ఉందా, ఓ ఈ2 ఉందా, అది ఏ లింక్ మీద పోతోందో చూడండి. బ్యాకప్ వైపు పోతుంటే ముందు అడగాల్సింది కొత్త రౌటర్ రేటు కాదు, ఆ నంబరే.