దోమకొక అణా

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు బాటలో రంగారెడ్డి జిల్లా కందుకూరు కలదు. కోస్తాలోని కందుకూరు వేఱు, ఇది వేఱు. శంషాబాదు విమానాశ్రయము ఈ ప్రాంతమునకు దాపున నుండుటచే, నేలకు దిగు విమానములను తలయెత్తి చూచుట ఇచ్చటి బడిపిల్లలకు నిత్యానుభవము. 2008వ సంవత్సరము వఱకు ఆ ప్రయాణికుల విమానములు నగరమధ్యముననున్న బేగంపేటలో దిగుచుండెడివి. ఆ పాత విమానాశ్రయము చెంత ఒక చిన్న భవనము కలదు. అది సర్ రొనాల్డ్ రాస్ పేరు మీదుగా ప్రసిద్ధి చెందినది. విమానమునకై పరుగులిడిన వేలాది జనములో దానివైపు కన్నెత్తి చూచినవారు బహు కొలదిమంది యని చెప్పినచో తప్పు కాదు.

రాస్ 1857లో అల్మోడాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరెను. చలిజ్వరమునకు చెడుగాలియే కారణమని లోకము నమ్ముచున్న కాలమది. మలేరియా యను మాటకే ఇటలీ భాషలో చెడుగాలి యని అర్థము. జ్వరక్రిమి దోమలో నుండవచ్చునని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1894లో లండనులో రాస్‌తో చెప్పెను. మఱుసటి యేడు సైన్యముతో సికింద్రాబాదు చేరిన రాస్, దోమలను పట్టి, కోసి, సూక్ష్మదర్శినిలో చూచుట మొదలిడెను. రెండేండ్లు చూచినను ఫలితము లేదు. అతడు కోసినవి తగిన జాతి దోమలు కావు. ఎండలు మండుచుండెను. నుదుటి చెమట కాఱి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. పంకా వేసికొందమన్న, ఆ గాలికి కోసిన దోమ యెగిరిపోవును.

1897 ఆగస్టు నెలలో రెక్కలపై మచ్చలు గల క్రొత్తరకపు దోమలు దొఱకినవి. హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుడు తన శరీరమును వానికి అప్పగించెను. రక్తము త్రాగిన దోమ యొక్కంటికి ఒక అణా చొప్పున ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు అతనికి ముట్టినవి. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములను రాస్ చూచెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటుతో మఱియొక ప్రాణిలో ప్రవేశించునని నిరూపించెను. అతనికి 1902లో నోబెల్ బహుమానము లభించెను. హుసేన్ ఖాన్‌కు లభించినది ఆ ఎనిమిది అణాలే. రాస్ కీర్తిని తగ్గింప నక్కఱలేదు గాని, ఈ కథ చెప్పునపుడు హుసేన్ ఖాన్ పేరు విడుచుట మాత్రము న్యాయము కాదు.

రాస్ కనుగొన్నది క్రిమి వచ్చు త్రోవ. వచ్చిన క్రిమిని దేహము ఏల తఱిమివేయ లేకున్నది? ఇది అంతకంటె కఠినమైన ప్రశ్న. మశూచి ఒకమాఱు సోకి బ్రతికినవానికి అది మఱల సోకుట అరుదు. చలిజ్వరమట్లు కాదు. ఈ యేడు వచ్చి పోయినను మఱుసటి యేడు మఱల రాగలదు. దోమ కాటుతో దేహమున ప్రవేశించిన క్రిమి గంటలోపుననే కాలేయములో దాగును. అచ్చట కొన్నిదినములలో ఒకటి వేలకొలదియై, ఎఱ్ఱ రక్తకణములలో దూఱును. ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ అను జాతిక్రిమి తాను దూఱిన రక్తకణముపై ఒక మాంసకృత్తును నిలుపును. దేహము దానిని గుర్తించి ప్రతిరక్షకములను సిద్ధము చేయులోపల క్రిమి ఆ గుర్తును మార్చివేయును. ఇట్టి మార్పునకై దాని యొద్ద సుమారు 60 జన్యువులు కలవు. నిన్న హరిశ్చంద్రుడై వచ్చిన పగటివేషగాడు నేడు విశ్వామిత్రుడై వచ్చినట్లు, పాత ఆనవాళ్లతో వానిని పోల్చుకొన జూచు కావలివాడు ప్రతిదినమును మోసపోవును.

అయినను దేహము పూర్తిగా ఓడిపోలేదు. ఆఫ్రికాలోని గాంబియాలో పలుమాఱులు జ్వరపడి పెద్దవారైనవారికి వ్యాధి అంతగా ముదరదు. 1961లో కోహెన్, మెక్‌గ్రెగర్ అను శాస్త్రజ్ఞులు అట్టివారి రక్తమునుండి ప్రతిరక్షకములను తీసి, జ్వరముతోనున్న పిల్లలకు ఎక్కించగా క్రిములు తగ్గినవి. టీకాపై ఆశ పుట్టుటకు ఇది యొక కారణము. ఎక్స్‌కిరణములచే నీరసించిన క్రిములు ఎలుకలకు రక్షణ నిచ్చునని 1967లో రూత్ నుస్సెన్‌జ్వైగ్ బృందము చూపుట రెండవది. కాని క్రిమిని దేహము వెలుపల పెంచలేనిదే పరిశోధన సాగదు. ఆ చిక్కును 1976లో ట్రేగర్, జెన్‌సన్ అనువారు విడదీసిరి. వారి ఉపాయము మిక్కిలి సరళమైనది. మానవరక్తకణములలో క్రిములుంచిన పళ్లెములను గాజుపాత్రలో పెట్టి, అందొక కొవ్వొత్తి వెలిగించి మూత వేసిరి. కొవ్వొత్తి ఆఱునప్పటికి లోపలి గాలిలో ప్రాణవాయువు తగ్గి, క్రిమికి అనుకూలించినది. కోట్ల వ్యయముతో కూడిన యంత్రములే విజ్ఞానమని తలంచువారు ఆ కొవ్వొత్తిని ఒకమాఱు తలంచుకొనవలెను. 2002లో ఆ క్రిమి జన్యుపటము సమగ్రముగా వెల్లడి యయ్యెను.

ఈ జబ్బు ఇచ్చట తగ్గినది గదా, దానికై ఒక జీవితమును వెచ్చించుట ఏల యని కొందఱు పెద్దలందురు. ఈ మాటలో కొంత నిజము కలదు. జ్వరమును అణచినది ప్రయోగశాల మాత్రమే కాదు. మురుగు తీసినవారును, మందు చల్లినవారును, దోమతెర కట్టినవారును ఆ పని చేసిరి. రాస్ సైతము దోమల నివారణకై జీవితమంతయు వాదించెను. కాని లెక్కలు మఱియొక కథ కూడ చెప్పుచున్నవి. 1947లో భారతదేశమున ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకినదనియు, 8 లక్షలమంది మరణించిరనియు అంచనా. 1953లో నియంత్రణకును, 1958లో నిర్మూలనకును జాతీయ కార్యక్రమములు వెలసినవి. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. అంతట శ్రద్ధ సడలెను, దోమలు డి.డి.టి.కి అలవాటుపడెను. 1976లో రోగులు 64 లక్షలకు మించిరి. తగ్గిన జబ్బును మఱచిన దేశము ఆ మఱపునకు వెల చెల్లించినది. దూరదేశపు జ్వరము దూరమున నేయుండునని భావించుటయు పొరపాటే. విమానములలో వచ్చిన దోమల వలన ఫ్రాన్సు, బెల్జియము దేశములలో విమానాశ్రయముల దాపుననున్నవారు కొందఱు మలేరియా పాలైరి. 2023లో ప్రపంచమున 5 లక్షల 97 వేలమంది ఈ జ్వరముచే మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలోని అయిదేండ్లలోపు పసివారు. ఆ పసివారు ధనవంతుల బిడ్డలైనచో టీకా ఇంత ఆలస్యమై యుండెడిది కాదేమో.

ఆర్.టి.ఎస్.,ఎస్. అను మొదటి టీకాపై పని 1987లో ఆరంభమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2021లో సిఫారసు చేసినది. నడుమ గడచినవి 34 ఏండ్లు. ఇరువదియైదవ యేట దానిపై పని ప్రారంభించినవానికి ఫలితము చూచునప్పటికి తల నెరసి యుండును. అంతయు చేసి, నాలుగు మోతాదులు పొందిన పిల్లలలో నాలుగేండ్లలో వ్యాధి తగ్గినది మూడవవంతునకు కొంచెము పైగా మాత్రమే. ఇది స్వల్పమని పెదవి విఱుచువారు కలరు. లక్షలమంది చనిపోవు చోట మూడవవంతు స్వల్పము కాదు. 2023లో ఆర్-21 అను రెండవ టీకాకును సిఫారసు లభించినది. మొదటి టీకా తయారీ విజ్ఞానమును హైదరాబాదు శివారున జీనోమ్ వ్యాలీలోనున్న భారత్ బయోటెక్ సంస్థకు అప్పగించుటకు 2021లో ఒప్పందము కుదిరినది.

కావున కందుకూరు విద్యార్థి ఈ శాస్త్రము అభ్యసింపగోరినచో దేశాంతరము పోవలసిన పని లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయములోను, సి.సి.ఎం.బి.లోను ఈ క్రిమిపై పరిశోధనలు సాగినవి. అయితే అందు ప్రవేశించువాడు ఒక సంగతి ముందే యెఱిగి యుండవలెను. పట్టము పొందిన పిదప డాక్టరేటునకు అయిదాఱేండ్లు, ఆ పిమ్మట మఱికొన్నేండ్ల శిక్షణ. ఆదివారమని, పండుగయని క్రిమి ఆగదు. దాని రక్తపు పళ్లెమునకు వేళ తప్పక క్రొత్త పోషకద్రవము పోయవలెను. నెలల శ్రమ ఒకనాడు కల్మషము సోకి చెడిపోవచ్చును. జీతమును బట్టి వృత్తి గౌరవమును కొలుచు తలిదండ్రులకు ఈ సంగతులు రుచింపకపోవుట సహజము. వారిని నిందించుట కంటె, రెండేండ్లు తగని దోమలను కోసినవాని కథ చెప్పి యొప్పించుట మేలు.

చేయవలసిన పని యేమి మిగిలినదని వారడుగవచ్చును. టీకా పొందిన బిడ్డ రక్తములో ప్రతిరక్షకములు ఎంత మేరకుండినచో జ్వరము రాదని నిశ్చయముగా చెప్పవచ్చును? నమ్మదగిన ఆ కొలత యింకను తేలలేదు.