పళ్లెంలో గుడ్డు, గేటు దగ్గర చిప్సు

1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలుపెట్టింది. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి మన తెలుగు దేవాంగుల ఇంటి బిడ్డే. తలకు రోజుకు ఒక అణా మించకూడదని లెక్క. అక్కడి నుంచి 1982లో ఎం.జి.ఆర్. తెచ్చిన సత్తుణవు, 2022 సెప్టెంబరులో మదురైలో మొదలైన ఉదయపు ఉపాహారం దాకా తమిళనాడు అడుగుతూ వచ్చింది ఒకటే మాట: పిల్లల కడుపు నిండిందా?

ఇప్పుడు ఆ మాట ఒక్కటే చాలడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అంకె చిన్నదే. అయితే అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. అంటే కరవు పోకముందే కొవ్వు వచ్చి చేరింది. లావు పెరుగుతున్నారని బడి భోజనం తగ్గించమనే వాదన అందుకే తప్పు. ప్రాథమిక పిల్లలకు మధ్యాహ్న భోజనంలో కేంద్రం పెట్టిన కొలత 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. అందులో పప్పుంది, కూరగాయలున్నాయి, తమిళనాడులో గుడ్డూ ఉంది. లావు ఆ పళ్లెంలోంచి వచ్చేది కాదు. నూనె పది శాతం తగ్గించమని 2025లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మంచిదే, కానీ అసలు నూనె గేటు బయట కాగుతోంది.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన చేసింది. మన వీధిలో బడి గేటు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే చాలు, అది ఎంత అమలవుతోందో తెలుస్తుంది. దానికి తోడు 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు గ్యాసు కూల్‌డ్రింకుల మీద 40 శాతం ఉంచి, బిస్కట్లు, చాక్లెట్ల మీద 18 నుంచి 5 శాతానికి దించారు. ఒక చేత్తో పోషకాహారం, ఇంకో చేత్తో చవక బిస్కట్టు!

ఇక మన ఇళ్ల సంగతి. మనలో కాస్త కలిగినవాళ్లం పిల్లలను మెట్రిక్ బడులకు పంపుతున్నాం. అక్కడ సత్తుణవు లేదు, బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏటా వచ్చి ఎత్తు, బరువు చూసే బృందమూ లేదు. ఆటల పీరియడు లెక్కల మాస్టారి చేతికి పోతుంది, సాయంత్రం ట్యూషను. పిల్లవాడు బొద్దుగా ఉంటే అవ్వలు దిష్టి తీస్తారు గాని కొలిచి చూడరు. ప్రభుత్వ బడి పిల్లలకు ఉన్న ఆ కాస్త కాపలా కూడా మన పిల్లలకు లేదు. ఫీజు కట్టినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ తనిఖీని ప్రైవేటు బడులకూ చాపాలని మనం అడగాలి.

పిల్లలు సర్కారు బడిలోనో, ఎయిడెడ్ తెలుగు బడిలోనో ఉన్నవాళ్లు వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో రెండు అడగండి: ఎత్తు-బరువు రిజిస్టరు చూపిస్తారా? గేటు ముందరి అంగడి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?